వంశవృక్షం చదవడం, మూడో పాఠం: జంట గీత కనిపించినప్పుడు

గుర్తుల సంగతి కిందటి పాఠంలో చూశాం. చతురస్రం మగ, వృత్తం ఆడ, నలుపు నింపి ఉంటే జబ్బు ఉన్నట్టు, భార్యాభర్తల మధ్య జంట గీత ఉంటే దగ్గరి బంధువుల పెళ్లి. ఇప్పుడు ఆ బొమ్మను బట్టి జబ్బు ఏ తీరులో సంక్రమిస్తోందో తేల్చుదాం. బెంగళూరు కేంద్రాల్లో నీట్ రాసేవారికి తెలుగు ప్రశ్నపత్రం దొరకదు, అది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే ఇస్తారు. అందుకే డామినెంట్ (లోపమున్న జన్యువు ఒక్క ప్రతి ఉన్నా జబ్బు వస్తుంది), రిసెసివ్ (లోపం లేని ప్రతి ఒక్కటీ లేనప్పుడే జబ్బు వస్తుంది), ఆటోసోమల్ (జన్యువు లింగ క్రోమోజోములు కానివాటి మీద ఉంది), ఎక్స్-లింక్డ్ (జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది) అన్న ఇంగ్లీషు మాటలనే వాడుతున్నాను.

బొమ్మ మొత్తాన్ని ఒక్కసారిగా చూడకండి. తల్లి, తండ్రి, ఒక బిడ్డ, ఈ ముగ్గురినే విడిగా పరిశీలించండి. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉండి బిడ్డకు జబ్బు వస్తే అది రిసెసివ్. ఇద్దరికీ జబ్బు ఉండి బిడ్డ ఆరోగ్యంగా పుడితే డామినెంట్. బొమ్మలో ఎన్ని తరాలున్నా ఇలాంటి ముగ్గురు ఒక్కచోట దొరికితే చాలు.

రిసెసివ్ అని తేలాక, జబ్బున్న ఆడవాళ్లను వెతకండి. ఆడపిల్లకున్న రెండు ఎక్స్ క్రోమోజోములలో ఒకటి తండ్రి ఇచ్చింది. తండ్రికి ఉన్నదే ఒక ఎక్స్. అందులో లోపం ఉంటే ఆయనకూ జబ్బు ఉండి తీరాలి. కూతురికి జబ్బు ఉండి తండ్రి ఆరోగ్యంగా ఉన్నాడంటే ఎక్స్-లింక్డ్ రిసెసివ్‌ను నిశ్చింతగా కొట్టేయవచ్చు. జబ్బున్న తల్లికి ఆరోగ్యవంతుడైన కొడుకు కనిపించినా అంతే. హీమోఫిలియా ఆడవాళ్లలో అంత అరుదు కావడానికి కారణం కూడా ఇదే: తండ్రికి జబ్బు ఉండాలి, తల్లి కనీసం వాహకురాలైనా (జబ్బు లేకపోయినా లోపమున్న జన్యువు ఒక ప్రతి ఉన్న మనిషి) కావాలి.

ఇక ఎక్కువమంది మార్కు పోగొట్టుకునే చోటుకి వద్దాం. హిందూపురం నుంచి వచ్చి యశవంతపురలో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. తాతకూ అవ్వకూ ఒక కొడుకు, ఒక కూతురు. ఇద్దరికీ బయటి సంబంధాలే చేశారు. తర్వాతి తరంలో కొడుకు కూతురిని కూతురి కొడుక్కి ఇచ్చి మేనరికం చేశారు. ఆ జంటకు పుట్టిన బాబుకు జబ్బు ఉంది. మిగిలినవాళ్లంతా ఆరోగ్యవంతులే.

రిసెసివ్ అన్నది వెంటనే తెలుస్తుంది. జబ్బున్నది ఒక్క మగపిల్లవాడికే కాబట్టి ఎక్స్-లింక్డ్ అని గుర్తు పెట్టేయాలనిపిస్తుంది. ఆగి, బాబు ఎక్స్ ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూడండి. అది తల్లి ఇచ్చింది. తల్లికి ఒక ఎక్స్ తన తండ్రి నుంచి వచ్చింది, ఆయన ఆరోగ్యవంతుడు, కాబట్టి అందులో లోపం లేదు. లోపమున్న ఎక్స్ ఉంటే అది ఆమె తల్లి నుంచే, అంటే బయటినుంచి వచ్చిన కోడలి నుంచే రావాలి. అప్పుడు తాత, అవ్వల ప్రమేయమే లేదు. మేనరికం జరగకపోయినా ఆ బాబుకు జబ్బు వచ్చి ఉండేది! ఆటోసోమల్ అయితే మాత్రం తాత, అవ్వలలో ఒకరి జన్యువు కొడుకు వైపు నుంచీ కూతురి వైపు నుంచీ దిగి బాబులో కలిసిందని చెప్పడానికి వీలుంటుంది. ఈ బొమ్మలో రెండూ సాధ్యమే. జంట గీత ఆటోసోమల్ వైపు మొగ్గు చూపిస్తుంది, రుజువు చేయదు.

అదే జంటకు తర్వాత పుట్టిన పాపకూ జబ్బు ఉందనుకోండి. తండ్రి ఆరోగ్యవంతుడు. ఇక సందేహం లేదు, ఆటోసోమల్ రిసెసివ్. సికిల్ సెల్ అనీమియా, తలసీమియా, ఫినైల్‌కీటోన్యూరియా ఈ తీరులోనే వస్తాయి.

మేనరికం అనగానే కొందరు పిల్లలు తమ ఇంటి పెద్దలను తలచుకుని బెంగపడతారు. ఆ భయం అక్కర్లేదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఏదైనా ఒక జన్యువు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి, ఒకే ప్రతిగా దిగి వచ్చే అవకాశం 1/16. మేనమామకూ అక్క కూతురికీ పుట్టిన బిడ్డకైతే 1/8. ఆ జన్యువులో లోపం ఉంటేనే జబ్బు మాట.

డామినెంట్ విషయంలో ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు: జబ్బున్న తండ్రికి ఆరోగ్యవంతురాలైన కూతురు ఉంటే అది ఎక్స్-లింక్డ్ డామినెంట్ కాదు. మయోటోనిక్ డిస్ట్రఫీ ఆటోసోమల్ డామినెంట్.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని మీరే గీయండి. తాత, అవ్వ, వాళ్ల కూతురు, ఆమె తమ్ముడు, ఆమె భర్త, అందరూ ఆరోగ్యవంతులు. అక్క కూతురిని ఆ తమ్ముడే పెళ్లాడాడు. ఆమె కూడా ఆరోగ్యవంతురాలే. వాళ్లకు మొదట ఆరోగ్యంగా ఒక బాబు, తర్వాత జబ్బుతో ఒక పాప పుట్టారు. సంక్రమణ తీరు ఏది? తప్పనిసరిగా వాహకులైనవారు ఎవరెవరు? తాత, అవ్వలలో ఎంతమంది వాహకులై ఉండాలి? ఆ బాబు వాహకుడయ్యే అవకాశం ఎంత? చివరి ప్రశ్నకు చాలామంది 1/2 అంటారు. అది తప్పు. ఎందుకు తప్పో నాలుగో పాఠంలో లెక్క వేద్దాం. అది చదివే ముందు మీ జవాబు, దానికి కారణం కాగితం మీద రాసి ఉంచుకోండి.