మన జంతువులకు ఏ వెట్ క్లినిక్? నేను పోల్చి చూసుకునే తీరు

ఒకసారి రాత్రి పదకొండు దాటాక మా కుక్క నల్లోడు వెనక కాలు కింద మోపలేక ఏడుస్తుంటే, ఆ వేళకు తెరిచి ఉన్న ఒకే ఒక్క క్లినిక్‌కి ఎత్తుకెళ్లాను. పొద్దున వేరే చోట చూపించి ఇంజెక్షన్ చేయించానని చెప్పాను. "ఏం ఇంజెక్షన్?" అని అడిగారు అక్కడి డాక్టరు గారు. నాకు తెలీదు. నా దగ్గరున్న చీటీలో "ఇంజ." అని రాసి పక్కన ఒక గీత గీసి ఉంది, అంతే. పొద్దున వెళ్లిన క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పొద్దున వేసింది స్టెరాయిడ్ అయ్యుంటే దాని మీద మామూలు నొప్పి మందు వేయకూడదు, రెండూ కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. ఆ సంగతి ఆవిడ ఓపిగ్గా చెప్పి, ఉన్నంతలో వేరే మందు ఇచ్చి పంపారు. అది సరిపోలేదు. తెల్లవార్లూ వాడు మూలుగుతూనే ఉన్నాడు, నేను వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత రెండుసార్లు ఇల్లు మారాం. రెండుసార్లూ సామాన్లు సర్దడం పూర్తికాక ముందే చుట్టుపక్కల క్లినిక్‌లు చూసొచ్చాను. ఒక నోట్‌బుక్‌లో ఒక్కో క్లినిక్‌కి ఒక పేజీ కేటాయించాను. జంతువు బాగున్న రోజుల్లోనే ఈ పని చేసుకోవాలి. అది నొప్పితో ఉన్నప్పుడు మనం పోల్చి చూడలేం, ఎవరు తలుపు తీస్తే వాళ్ల దగ్గరికి పరిగెడతాం.

మొదట ఇంట్లో ఎవరెవరున్నారో రాసుకోండి

నా మొదటి పేజీలో క్లినిక్‌ల పేర్లు ఉండవు. మా వాళ్ల సంగతే ఉంటుంది. నల్లోడికి పదకొండేళ్లు, కీళ్ల నొప్పులు. మిన్ను మగ పిల్లి, ఒకసారి మూత్రం బిగిసింది. దూది అనే కుందేలు. ఈ ముగ్గురికీ కావాల్సింది ఒకటి కాదు. ముసలి కుక్కకు ఎక్స్‌రే, రక్త పరీక్షలు దగ్గర్లో ఉండాలి. మిన్నుకి రాత్రిపూట తెరిచి ఉండే చోటు కావాలి. దూదికి కుందేళ్లను బాగా ఎరిగిన డాక్టరు కావాలి, వాళ్లు అన్నిచోట్లా దొరకరు.

దూది విషయంలో నేను అన్ని క్లినిక్‌లనూ ఒకే ప్రశ్న అడిగాను: "ఆపరేషన్‌కి ముందు కుందేలుని ఎన్ని గంటలు పస్తు ఉంచాలి?" దీనికి జవాబు నాకు ముందే తెలుసు. కుందేలు వాంతి చేసుకోలేదు, అందుకని కుక్కల్లా గంటల తరబడి పస్తు పెట్టనక్కర్లేదు. పైగా ఎక్కువసేపు తిండి లేకపోతే దాని పేగులు కదలడం ఆగిపోతుంది, అదే పెద్ద ప్రమాదం. ఒక చోట "రాత్రి నుంచీ ఏమీ పెట్టకండి" అన్నారు. ఆ పేజీ అక్కడితో మూసేశాను. ఇంకో చోట "అది రోజూ తినే గడ్డే తెచ్చుకోండి, మెలకువ రాగానే పెడదాం" అన్నారు. మూడో చోట డాక్టరు గారు "మేం కుందేళ్లకు ఆపరేషన్లు చేయమమ్మా, నాకు అందులో అనుభవం లేదు" అని చెప్పి ఎవరి దగ్గరికి వెళ్లాలో పేరు రాసిచ్చారు. దూదిని రెండో చోటికి తీసుకెళ్తున్నాను. నల్లోడినీ మిన్నునీ మాత్రం ఆ మూడో డాక్టరు గారికే అప్పగించాను. తనకు చేతకాని పనిని చేతకాదని ఒప్పుకునే డాక్టరు, చేస్తానన్నప్పుడు నమ్మొచ్చు.

మీ దగ్గర పక్షి ఉన్నా, తాబేలు ఉన్నా ఇలాంటి ప్రశ్న ఒకటి ముందే తెలుసుకుని పెట్టుకోండి. జవాబు తెలిసిన ప్రశ్న అడిగితేనే అవతలివాళ్ల అనుభవం ఎంతో తెలుస్తుంది.

దూరం, రాత్రి వేళ

దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో రాసుకోండి. సాయంత్రం ట్రాఫిక్‌లో ఒకసారి, రాత్రి ఒకసారి వెళ్లి చూడండి. మగ పిల్లి మాటిమాటికీ ముక్కుతూ చుక్క మూత్రం కూడా రావడం లేదంటే, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతి కుక్క కడుపు ఉబ్బి, వాంతి రాకుండా ఓకరిస్తుంటే కొన్ని గంటల వ్యవధి కూడా ఉండకపోవచ్చు. పిల్లి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంటే పొద్దున చూద్దాంలే అనుకోకూడదు. అందుకే మామూలు రోజులకు ఒకటి, అర్ధరాత్రికి ఒకటి, ఇలా రెండు క్లినిక్‌లు ఎంచుకోవాలన్నది నా పద్ధతి.

బోర్డు మీద "24 గంటలు" అని ఉంటే సరిపోదు. "రాత్రి డాక్టరు ఇక్కడే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? వస్తే ఎంతసేపట్లో?" అని అడగండి. అడ్మిట్ చేసిన జంతువు దగ్గర రాత్రంతా ఎవరుంటారో కూడా అడగండి. ఒక చోట షట్టర్ వేసి అందరూ ఇళ్లకు వెళ్లిపోతారని, సెలైన్ పెట్టిన జంతువులు లోపల ఒంటరిగా ఉంటాయని అక్కడ పనిచేసే అబ్బాయే చెప్పాడు. ఆ అబ్బాయి నిజం చెప్పినందుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

జంతువు లేకుండా ఒకసారి వెళ్లండి

రద్దీ లేని వేళ చూసుకుని, ముందుగా ఫోన్ చేసి వెళ్లండి. "కొత్తగా వచ్చాం, మా వాళ్లకు క్లినిక్ చూసుకుంటున్నాం" అంటే మంచి చోట్ల ఎవరూ విసుక్కోలేదు. డాక్టరు గారి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడ మీద కనిపిస్తుందా చూడండి. లేకపోతే అడగండి, తప్పేం లేదు.

టీకాలు పెట్టే ఫ్రిజ్ గురించి తప్పక అడుగుతాను. వ్యాక్సిన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. గడ్డకట్టినా, వేడెక్కినా వాటి బలం పోతుంది, బయటికి చూస్తే ఏ తేడా తెలీదు. ఫ్రిజ్‌లో థర్మామీటర్ ఉందా, రోజూ రాసుకునే కాగితం ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు? ఒక క్లినిక్‌లో ఆ ఫ్రిజ్‌లోనే స్టాఫ్ మంచినీళ్ల సీసాలు, తినేవి కూడా ఉన్నాయి. మాటిమాటికీ తలుపు తీసే ఫ్రిజ్ అది. టీకా వేశాక సీసా మీద లేబుల్‌ని పీకి కార్డులో అంటించి, బ్యాచ్ నంబరు కనబడేలా తేదీ వేసి ఇచ్చే చోటు నాకు నచ్చుతుంది.

ఇంట్లో కుక్కపిల్ల ఉంటే ఇంకో ప్రశ్న కూడా అడగాలి: "పార్వో అనుమానం ఉన్న పిల్ల వస్తే ఎక్కడ చూస్తారు?" పార్వో అంటే కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే అంటుజబ్బు. ఆ వైరస్ నేల మీద నెలల తరబడి బతికి ఉంటుంది, మామూలు ఫినాయిల్ లాంటివాటికి సరిగ్గా చావదు, బ్లీచింగ్ లాంటిది కావాలి. టీకాల కోర్సు పూర్తి కాని పిల్లను, రక్త విరేచనాలతో వచ్చిన పిల్లను ఒకే బెంచీ దగ్గర కూర్చోబెట్టే క్లినిక్‌కి టీకా కోసం వెళ్తే జబ్బు తెచ్చుకున్నట్టే. "బయటే ఆగి ఫోన్ చేయమంటాం, వేరే తలుపు ఉంది" అన్నచోట నాకు ప్రాణం తేలికపడింది.

పిల్లులకు కుక్కలు కనబడని మూల ఉందా చూడండి. కనీసం బుట్టను నేల మీద కాకుండా ఎత్తులో పెట్టుకునే బల్ల ఉన్నా మేలే.

ఆపరేషన్, మత్తు, ధర

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కి చాలామంది నాలుగు చోట్లకి ఫోన్ చేసి ఎక్కడ తక్కువైతే అక్కడికి వెళ్తారు. నేనూ ఒకప్పుడు అదే చేశాను. ఇప్పుడు ఆ మొత్తంలో ఏమేం కలిశాయో అడిగి, పక్కపక్కన రాసుకుంటాను. ముందు రక్త పరీక్ష, మత్తు, ఇంటికి పంపే నొప్పి మందు, కుట్లు నాకకుండా మెడకు వేసే కోన్, కుట్లు విప్పడం, మళ్లీ చూపించుకోవడం. ఇవన్నీ కూడితే తక్కువ ధర చెప్పిన చోటే ఎక్కువైన సందర్భం నా నోట్‌బుక్‌లో ఉంది. అంచనా కాగితం మీద ఇవ్వమనండి.

మత్తు గురించి భయపడటం కన్నా ప్రశ్నలు వేయడం మంచిది. బ్రిటన్‌లో 2002-2004 మధ్య జరిగిన పెద్ద అధ్యయనంలో మత్తుకు సంబంధించిన మరణాలు కుక్కల్లో 0.17 శాతం, పిల్లుల్లో 0.24 శాతం, కుందేళ్లలో 1.39 శాతం. పిల్లులు, కుందేళ్ల మరణాల్లో సగానికి పైగా ఆపరేషన్ అయిపోయి కోలుకునే సమయంలోనే జరిగాయి. అందుకే "ఆపరేషన్ ఎవరు చేస్తారు?" అని అడిగి ఊరుకోను. మత్తు చూసేది ఎవరు? ఆపరేషన్ చేసే చేతులే మత్తునీ చూసుకుంటాయా, ఇంకో మనిషి ఉంటారా? ఆక్సిజన్, గుండె వేగం చూపించే మానిటర్ పెడతారా? సెలైన్ సూది ముందే పెట్టి ఉంచుతారా? ఒళ్లు చల్లబడకుండా ఏం చేస్తారు? మెలకువ వచ్చి తల ఎత్తేదాకా పక్కన ఎవరు కూర్చుంటారు? ఆఖరి ప్రశ్న అడిగాక వచ్చే మౌనాన్ని గమనించండి. కొన్ని చోట్ల జవాబు ఠక్కున వస్తుంది, కొన్ని చోట్ల ఆలోచించుకుని చెప్తారు.

చిన్న పని మీద మొదటిసారి

బరువు చూపించడానికో, గోళ్లు తీయించడానికో మొదట వెళ్లండి. బరువు తూచకుండా మందు రాస్తే నేను మళ్లీ వెళ్లను, ఎందుకంటే మోతాదు లెక్కంతా బరువు మీదే. చిగుళ్లు చూశారా, పొట్ట తడిమారా, ఒంటి వేడి చూశారా? కుక్కకైనా పిల్లికైనా అది 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా మామూలే. పిల్లిని బుట్టలోంచి గుంజారా, పైమూత తీసి లోపలే చూశారా? మిన్నుని మొదటిసారి చూసిన డాక్టరు గారు మూత తీసి, రెండు నిమిషాలు ఏమీ చేయకుండా నాతో మాట్లాడుతూ నిలబడ్డారు. వాడు తనంతట తానే వాసన చూడటానికి మెడ చాపాడు.

ఇంకో సంగతి నా నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో రాసి ఉంది. నల్లోడికి పిడుదుల మందు అడిగితే, ఇచ్చేముందు అక్కడి అమ్మాయి "ఇంట్లో పిల్లులున్నాయా?" అంది. కుక్కల కోసం చేసిన కొన్ని మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లులకు విషం. కుక్కకు రాస్తే, దాన్ని ఆనుకుని పడుకున్న పిల్లి కూడా ప్రమాదంలో పడొచ్చు. కౌంటర్ దగ్గర నిలబడే మనిషికి ఆ ప్రశ్న వేయడం నేర్పిన క్లినిక్ అది.

ఆన్‌లైన్ స్టార్లకు నేను పెద్దగా విలువివ్వను. షుగరు, కిడ్నీ జబ్బు లాంటి దీర్ఘకాలపు జబ్బున్న జంతువు గలవాళ్లను అడుగుతాను. నెల నెలా వెళ్లేవాళ్లకు ఆ క్లినిక్ మంచీ చెడ్డా రెండూ తెలుస్తాయి.

చివరికి ఇద్దరి మధ్య తేల్చుకోలేకపోతే నేను చూసేది కాగితమే. మందు పేరు, ఎంత, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు, అన్నీ చదవగలిగేలా ఉన్నాయా? వేసిన ఇంజెక్షన్ పేరు అడగకుండానే రాశారా? ఎక్స్‌రే, రక్త పరీక్షల కాపీ అడిగితే మొహం మాడ్చుకోకుండా ఇచ్చారా? ఇప్పుడు వెళ్లే చోట ప్రతిసారీ కాగితం చేతికిస్తారు, నేను ఇంటికి రాగానే ఫొటో తీసి ఫోన్‌లో ఒక్కో జంతువుకు ఒక్కో ఫోల్డర్‌లో పెడతాను. క్లినిక్ మారుతున్నప్పుడు పాత చోటి రికార్డులు తెచ్చుకోవడం మర్చిపోకండి, అక్కడ మనసు విరిగి వచ్చేసినా సరే. రాత్రి క్లినిక్ వాళ్లకు కూడా ఒక జత కాపీలు ముందే ఇచ్చి, మీ జంతువుల పేర్లు వాళ్ల పుస్తకంలో ఎక్కించి రండి.