విప్పిన పోలో జీటీ పార్టులు అమ్ముడుపోవట్లేదా? సమస్య ఎక్కడుందో చూడండి

వెనక నుంచి లారీ గుద్దేసి బాడీ మొత్తం పోయింది కానీ ఇంజన్‌కి ఏం కాలేదు, అలాంటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ (టర్బో పెట్రోల్ కారు)ని నేనే దగ్గరుండి విప్పించి ముక్కముక్కగా అమ్మాను. చాలా ఇష్టపడి కొన్న బండి అది, అందుకే దాని సామాను ఏదీ చెత్తలోకి పోకూడదనుకున్నా.

సమస్య: "లాస్ట్ ఎంత భయ్యా" అని అందరూ అడుగుతారు, తర్వాత ఎవరూ మాట్లాడరు.

కారణం: ఫోటోలో పార్ట్ నంబర్ లేదు. 2013లో వచ్చిన జీటీ 1.2 నాలుగు సిలిండర్లది, 2020లో వచ్చిన 1.0 మూడు సిలిండర్లది, ఇంజన్ సామాను దీనిది దానికి పడదు, కొనేవాడి భయం అదే.

పరిష్కారం: గుడ్డతో తుడిచి నంబర్ కనపడేలా దగ్గర నుంచి ఫోటో తీయండి. 6ఆర్‌తో మొదలైతే ఈ జీటీ తరం పోలోది, 0ఏఎం అయితే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్)ది, తెలిసినవాడు చూడగానే పట్టేస్తాడు.

సమస్య: టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పార్టు) బాగానే ఉంది, అయినా సగం రేటుకి అడుగుతున్నారు.

కారణం: లోపల ఏముందో వాళ్ళకి తెలీదు, పొగ కొట్టే టర్బో అంటగడతారేమో అని అనుమానం. నా దగ్గరికి విజయవాడ ఆటోనగర్ నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన రేటు అడగనే లేదు, టర్బో రెక్కలు తిరిగే షాఫ్ట్ (ఇరుసు) చివర రెండు వేళ్ళతో పట్టుకుని పైకి కిందకి ఊపాడు, కొంచెం కదిలింది, అది పర్లేదమ్మా అన్నాడు, తర్వాత ముందుకీ వెనక్కీ లాగి చూశాడు, అస్సలు కదల్లేదు. ఆ తర్వాతే డబ్బుల మాట ఎత్తాడు.

పరిష్కారం: అదే పరీక్ష మీరే వీడియో తీసి పెట్టండి, రెక్కల అంచులు అరిగాయా, గాలి లోపలికి వెళ్ళే ఇన్‌టేక్ వైపు ఆయిల్ ఉందా అన్నీ చూపించండి. బండి విప్పకముందే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వీడియో ఉంటే ఇంకా మంచిది, విప్పేశాక అది ఎన్ని డబ్బులు పెట్టినా దొరకదు!

సమస్య: ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) కొన్నాయన ఫోన్ చేసి "బండి ఆన్ అయి వెంటనే ఆగిపోతోంది" అంటాడు.

కారణం దాదాపు ఇమ్మొబిలైజరే (దొంగతనం జరక్కుండా ఇంజన్‌ని ఆపేసే ఏర్పాటు), మీటరూ ఈసీయూ తాళంచెవీ ఒకదానికొకటి జతకట్టి ఉంటాయి. మూడూ కలిపి సెట్‌గా అమ్మండి, లేదంటే కోడింగ్ చేయించుకోవాలని ముందే చెప్పండి.

గేర్‌బాక్స్ ట్రాన్స్‌పోర్ట్‌లో వేస్తే దార్లో ఆయిల్ కారిపోయిందని గొడవ వస్తుంది. డీఎస్‌జీలో గేర్లకి ఒక ఆయిల్, మెకట్రానిక్‌కి (గేర్లు మార్చే కంట్రోల్ యూనిట్‌కి) వేరే ఆయిల్ ఉంటాయి, పక్కకి పడుకోబెడితే బ్రీదర్ల (గాలి పోయే రంధ్రాల) నుంచి కారుతుంది, మెకట్రానిక్‌ది పోతే కొన్నవాడికి పెద్ద ఖర్చే. బ్రీదర్లు మూసి, నిలబెట్టి చెక్క పెట్టెలో బిగించి, "తిరగేయవద్దు" అని రాసి పంపండి.

ఎయిర్‌బ్యాగులు మాత్రం ఎవరు ఎంత ఇస్తానన్నా అమ్మొద్దు, సరిగ్గా తెరుచుకుంటుందో లేదో చెక్ చేసే దారే లేదు, అవతల ఎవరిదో ప్రాణం.

ఇంకోటి, ఇంజన్ అమ్మబోతే "ఆర్సీ క్యాన్సిల్ కాగితం ఉందా" అంటారు, అడగడం కరెక్టే. బండి ఇక రోడ్డెక్కదు అని తేలాక 14 రోజుల్లోపు లేదా వీలైనంత త్వరగా ఆర్టీఓకి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెప్తోంది. విప్పడానికి ముందే ఆ పని కానిచ్చేసి, ఇంజన్ నంబర్ ఫోటోతో పాటు ఆ కాగితం కాపీ కొనేవాడి చేతిలో పెట్టండి.