వెచ్చని చోటికి ట్రిప్పు: రెండు చీటీల చిట్కా
చలి తప్పించుకుందామని శీతాకాలంలో వెచ్చని సముద్రతీరానికి టికెట్లు కొనేస్తాం. (పిల్లలకి పన్నెండేళ్ళు నిండితే చాలా విమానాల్లో పెద్దల ఛార్జీయే, అది వేరే బాధ.) తీరా వెళ్ళాక పదహారేళ్ళవాడు పదింటిదాకా దుప్పటి తీయడు, చిన్నది ఏడింటికే ఈత కళ్ళద్దాలు పెట్టుకుని గుమ్మంలో నిలబడుతుంది. మధ్యలో మనం నలిగిపోతాం.

ఈసారి బుకింగ్‌కి ముందే ఒక్కొక్కరికీ రెండు చీటీలు ఇచ్చాను. ఒకదాంట్లో తప్పకుండా చేయాలనుకునే పని ఒకటి, రెండోదాంట్లో అస్సలు వద్దనేది ఒకటి. ఒకరిది ఒకరు చూడకుండా రాయాలి, లేదంటే చిన్నవాళ్ళు పెద్దవాళ్ళది దించేస్తారు. వద్దన్నదానికి ఎవరినీ బలవంతపెట్టలేదు. కావాలన్నవి రోజుకి ఒకటే, అదీ పదకొండు దాటాకే. ఉదయం ఎవరిష్టం వాళ్ళది. ముందు లేచినవాళ్ళతో పెద్దవాళ్ళలో ఒకరు నీళ్ళదాకా వెళ్తే చాలు. నలుగురం, ఐదు రోజులు. మిగిలిన ఆ ఒక్క రోజు వాన పడ్డప్పుడు పనికొచ్చింది.

ఒక్క చోట మాత్రం ఈ వరస కుదరదు. ఎవరైనా స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ళ లోపలికి దిగడం) రాస్తే దాన్ని చివరి రోజుకి నెట్టకండి. ఒకటికి మించి డైవ్‌లు చేస్తే విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల వ్యవధి ఉండాలంటారు. మా వాడు సరిగ్గా అదే రాశాడు, మొత్తం వరస మళ్ళీ మార్చాల్సి వచ్చింది.