క్రాన్‌లో మూగబోయిన నోటిఫికేషన్

విజయనగరం గంటస్తంభం దగ్గర మా ఫొటో స్టూడియోలో ఉబుంటు లినక్స్ వాడతాను. రోజూ మధ్యాహ్నం రూట్ (అడ్మిన్ ఖాతా) క్రాన్‌లో, అంటే చెప్పిన టైముకి పనులు నడిపే ప్రోగ్రాంలో, బ్యాకప్ నడుస్తుంది. డిస్క్ నిండితే స్క్రీన్ మీద చెప్పమని స్క్రిప్టులో నోటిఫై-సెండ్ కమాండ్ పెట్టాను. టెర్మినల్‌లో నడిపితే చక్కగా వచ్చేది, క్రాన్‌లో ఉలుకూ పలుకూ లేదు. ఓ పెళ్లి ఆల్బమ్ పోయినంత పనైంది.

నోటిఫికేషన్ వెళ్లేది లాగిన్ అయిన మనిషి డీబస్ సెషన్‌కి (డీబస్ అంటే ప్రోగ్రాములు ఒకదానికొకటి కబురు పంపుకునే దారి). రూట్‌కి ఆ చిరునామా తెలీదు. రన్ కింద యూజర్, దాని కింద మన యూఐడీ (యూజర్ నంబరు), అందులో బస్ అనే సాకెట్ ఫైలు, ఇదీ ఆ చిరునామా దారి: /run/user/యూఐడీ/bus. నా యూఐడీ 1000. ఆ దారికి ముందు unix:path= తగిలించి DBUS_SESSION_BUS_ADDRESS అనే వేరియబుల్‌లో పెట్టి, సుడోతో (వేరే యూజర్‌గా కమాండ్ నడిపేది) నా యూజర్ పేరు మీద నోటిఫై-సెండ్ నడిపాను. వేరియబుల్‌ని సుడో తర్వాతే రాయాలి, ముందు రాస్తే సుడో దాన్ని తుడిచేస్తుంది. నాకు గంట తినేసింది ఇదే!

మర్నాడు టీ తాగుతుంటే స్క్రీన్ మూలన తేలింది: ‘డిస్క్ 96 శాతం’.