ఏఏసీ బ్లాకు గోడకు షెల్ఫు గట్టిగా నిలవాలంటే

కొత్త ఇంట్లో బిగించిన పుస్తకాల షెల్ఫు రెండు వారాలకే ముందుకు వాలింది. స్క్రూ పట్టి లాగితే, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ప్లగ్గుతో సహా ఊడి వచ్చింది. లోపం గోడను గుర్తించకపోవడంలోనే ఉంది.

డ్రిల్ చేసినప్పుడు రాలే పొడిని చూడండి. ఎర్రగా ఉంటే ఇటుక. ప్లాస్టరింగ్ దాటాక బిట్టు సులువుగా దిగిపోయి, తెల్లటి లేదా లేత బూడిద రంగు మెత్తని పొడి వస్తే ఏఏసీ బ్లాకు (తేలికపాటి కాంక్రీటు ఇటుక). బూడిద రంగులో ఉండి బిట్టు మొరాయిస్తే కాంక్రీటు పిల్లర్ లేదా బీమ్.

ఏఏసీ బ్లాకు నిండా గాలి గదులే. డ్రిల్‌ను హ్యామర్ మోడ్‌లో (బిట్టు తిరుగుతూ సుత్తిలా కొట్టేలా) పెట్టి కొడితే రంధ్రం అంచులు నలిగి వెడల్పవుతాయి, మామూలు రావల్ ప్లగ్గుకు పట్టు దొరకదు. పాత రంధ్రాలను పుట్టీతో పూడ్చి, 10 సెం.మీ. పక్కకు జరిగాను. హ్యామర్ ఆపేసి, ప్యాకెట్ మీద రాసిన సైజు బిట్టుతోనే, ప్లగ్గు పొడవుకన్నా 10 మి.మీ. లోతుగా తొలిచాను. పొడి ఊదేసి, ఏఏసీ కోసమే వచ్చే, మరలున్న నైలాన్ యాంకర్ (ప్లగ్గు లాంటిదే) దించాను. అది ప్లాస్టరింగ్ దాటి బ్లాకులోకి దిగాలి; చాలామంది తప్పేది ఇక్కడే. స్క్రూ చేత్తోనే తిప్పాలి, బిగిసిందనిపించగానే ఆపాలి. ఇంకో చుట్టు తిప్పితే లోపలి మరలు అరిగి మళ్లీ మొదటికొస్తుంది.

స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా ఎక్కడా తొలవకండి, వైర్ల పైపులు ఎక్కువగా అటే వెళ్తాయి.

గీజరు లాంటి బరువులకు ఈ యాంకర్లు చాలవు. గోడ అవతలి వైపు ప్లేటు పెట్టి గోడను దాటి అవతలికి వచ్చే బోల్టు వేయించాలి, లేదా కెమికల్ యాంకర్ (రంధ్రంలో జిగురు నింపి బిగించేది) వాడాలి.