పెరాక్సైడ్ కలపని ట్యూబులోనూ మందు బయటికొస్తోందా? ముందు ద్రావకం టీహెచ్ఎఫ్ సీసా చూడండి

సమస్య: పాలీప్రొపిలీన్ సల్ఫైడ్ అనే పాలిమర్‌తో చేసిన నానోకణాల్లో మందు నింపారు. హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న ట్యూబులో అది విడుదలవ్వాలి, లేని ట్యూబులో లోపలే ఉండాలి. తీరా గ్రాఫులో చూస్తే రెండు ట్యూబుల విడుదల గీతలూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

గీత మొదటి గంటలోనే పైకి లేచి తర్వాత చదునైతే, అది కణాల పైన అంటుకున్న మందు. డయాలసిస్ (పొర గుండా కడగడం) ఇంకాస్త సేపు చేయండి, సరిపోతుంది. గీత ఆగకుండా మెల్లగా ఎక్కుతూనే ఉంటే వేరే సంగతి.

కారణం: కణాలు చేయడానికి పాలిమర్‌ను కరిగించే ద్రావకం టీహెచ్ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్). గాలి తగిలితే అందులో పెరాక్సైడ్‌లు వాటంతటవే పుడతాయి. అవి పాలిమర్‌లోని సల్ఫైడ్‌ను ఆక్సీకరించి సల్ఫాక్సైడ్‌గా మార్చేస్తాయి. నీటికి దూరంగా ఉండాల్సిన పాలిమర్ గొలుసు నీటిని రానిస్తుంది, కణం వదులవుతుంది. పెరాక్సైడ్ ఎక్కువగా ఉండే రోగ కణజాలంలో జరగాల్సిన పని మన ఫ్లాస్కులోనే మొదలైపోతుందన్నమాట.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. పాలిమర్‌దే తప్పనుకుని మూడు నెలలు మళ్లీ మళ్లీ తయారుచేశాను. స్వచ్ఛంగా ఉంటుందని హెచ్‌పీఎల్‌సీ గ్రేడ్ (విశ్లేషణ పరికరాల కోసం అమ్మే రకం) టీహెచ్ఎఫ్ వాడాను. పెరాక్సైడ్‌ను ఆపే బీహెచ్‌టీ అందులో ఉండదు, కాబట్టి మూత తీశాక అదే త్వరగా పాడవుతుంది. సీసా మీద తెరిచిన తేదీ కూడా రాయలేదు. దయచేసి మీరు రాయండి.

పరీక్షకు రెండు నిమిషాలు చాలు. పెరాక్సైడ్ స్ట్రిప్‌ను టీహెచ్ఎఫ్‌లో ముంచి తీయండి, ద్రావకం ఆరిపోనివ్వండి, ఆ తర్వాత ఒక చుక్క నీళ్లు వేయండి. చాలామంది ఆ నీటి చుక్క మర్చిపోయి, రంగు రాలేదు కాబట్టి సీసా బాగుందనుకుంటారు. నీలం వస్తే ఆ సీసా వాడొద్దు, దాన్ని ఆవిరి చేసి ఎండగట్టొద్దు కూడా. పేలే ప్రమాదం ఉంది.

పరిష్కారం: కొత్త సీసా తెరిచి, స్ట్రిప్‌తో చూసి, పెరాక్సైడ్‌ను పట్టేసే బేసిక్ అల్యూమినా పొడి నింపిన కాలమ్ గుండా పోసి అదే రోజు వాడండి. పాత పాలిమర్‌కు ఐఆర్ (పరారుణ వర్ణపటం) తీయండి. 1030 సెం.మీ⁻¹ దగ్గర కొత్త శిఖరం కనిపిస్తే అది సల్ఫాక్సైడ్, ఆ బ్యాచ్ వదిలేయండి.

టీహెచ్ఎఫ్ బాగానే ఉంటే విడుదల బఫర్‌లో కలిపే ట్వీన్ 80ని (మందు నీటిలో కరిగేలా చేసే సర్ఫాక్టెంట్) అనుమానించండి. పాతబడితే అందులోనూ పెరాక్సైడ్ చేరుతుంది. ట్వీన్ లేని ట్యూబు ఒకటి పక్కన పెడితే తేలిపోతుంది.

వెలుతురు, లోహాల జాడలు లాంటివి అరుదు. ఇవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.