లేజర్ రేంజ్‌ఫైండర్ మొరాయిస్తే ముందు ప్రిజం చూడండి: సమస్య - పరిష్కారం

చేతిలో ఇమిడే లేజర్ రేంజ్‌ఫైండర్ (లేజర్ మెరుపు వెళ్లి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలిచే పరికరం) దూరం తప్పు చూపిస్తే అందరి చెయ్యీ ముందు సర్క్యూట్ బోర్డు మీదికే పోతుంది. నేనూ చాలాకాలం అదే చేశాను. ఇప్పుడు మొదట ప్రిజం వైపు చూస్తాను. ఆ చిన్న గొట్టంలో ఒకే ప్రిజం జత మూడు కొలువులు చేస్తుంది మరి: తలకిందులుగా వచ్చే దృశ్యాన్ని నిలబెట్టాలి, 905 నానోమీటర్ల పరారుణ లేజర్‌ని మామూలు వెలుగు నుంచి విడదీయాలి, అంకెల తెరను దృశ్యం మీదికి తేవాలి. ఒకచోట సర్దితే ఇంకోచోట చెడుతుంది.

విప్పే ముందు ఒక్క మాట. ఆ లేజర్ కంటికి కనబడదు. పరికరం మీది ‘క్లాస్ 1’ ముద్రకు (కంటికి ప్రమాదం లేదనే గుర్తుకు) విలువ దాన్ని విప్పనంత వరకే. ప్రిజం తీసేశాక లేజర్‌కి కరెంటు ఇచ్చి ఐపీస్‌లో (కంటివైపు లెన్సులో) కన్ను పెట్టకండి.

సమస్య: దూరపు దీపం రెండుగా కనబడుతోంది

ఫోకస్ ఎంత తిప్పినా ఆ రెండూ కలవకపోతే తప్పు ప్రిజం కప్పు అంచుది. ష్మిట్-పెచాన్ అనే ఈ ప్రిజం జతలో ఇంటి కప్పులా కలిసే రెండు ముఖాల మధ్య కోణం కచ్చితంగా 90 డిగ్రీలు ఉండాలి. 10 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) తప్పిందనుకోండి. వక్రీభవన గుణకం 1.52 ఉన్న గాజులో రెండు సగాల కిరణాలూ దాదాపు 60 ఆర్క్ సెకన్ల దాకా విడిపోవచ్చు. కప్పు నుంచి ఫోకస్ తలానికి 40 మి.మీ., ఐపీస్ నాభ్యంతరం 20 మి.మీ. అయితే కంటికి అది రెట్టింపై 2 ఆర్క్ నిమిషాలవుతుంది (నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు). మామూలు కన్ను 1 నిమిషం తేడాను పట్టేస్తుంది.

బిగించిన ప్రిజంలో దీనికి మందు లేదు, మార్చాల్సిందే. డిజైన్ ఇంకా కాగితం మీదే ఉంటే కప్పును ఫోకస్ తలానికి దగ్గరగా జరపొచ్చు. అప్పుడు అదే తప్పు తక్కువగా కనబడుతుంది. మరీ దగ్గరగా తెస్తే గాజు మీది ప్రతి దుమ్ము కణమూ దృశ్యంలో ఈగలా వాలుతుంది, అది వేరే తలనొప్పి.

దీపం ఒకటిగానే ఉండి, వివరాలు ఒకే దిక్కున అలికినట్టుంటే కోణాన్ని తప్పుపట్టకండి. అది ఫేజ్ పూత (కప్పు రెండు సగాల వెలుగు తరంగాలను ఒకే అడుగులో ఉంచే పూత) లేని కప్పు లక్షణం. జైస్ 1988లో ఈ పూతను బైనాక్యులర్లలోకి తెచ్చింది. ముందొక పోలరైజర్ (ఒకే దిక్కున కంపించే వెలుగునే దాటనిచ్చే ఫిల్టర్), ఐపీస్ దగ్గర ఇంకొకటి పెట్టి తిప్పండి. వెలుగు వృత్తంలో రెండు సగాలూ వేర్వేరుగా మెరిస్తే పూత లేనట్టే.

సమస్య: ఐపీస్ వెనక వెలుగు వృత్తం అంచులు మసకగా, కోసేసినట్టుగా ఉన్నాయి

గాజు ఎంపికలో పొరపాటు. బీకే7 గాజుకు సందిగ్ధ కోణం (దీన్ని మించి వాలుగా తాకిన వెలుగే గాజులోకి పూర్తిగా తిరిగొస్తుంది, అదే సంపూర్ణాంతర పరావర్తనం) 41.2 డిగ్రీలు. 45 డిగ్రీల ముఖం మీద 3.8 డిగ్రీల వెసులుబాటే మిగులుతుంది. ఎఫ్/4 ఆబ్జెక్టివ్ (నాభ్యంతరం వెడల్పుకు నాలుగింతలున్న ముందు లెన్సు) నుంచి వచ్చే వెలుగు శంకువు గాజు లోపల రెండు పక్కలా 4.7 డిగ్రీలు విస్తరిస్తుంది. అంచు కిరణాలు అద్దంలా తిరగకుండా బయటికి కారిపోతాయి. బీఏకే4కి మారితే సందిగ్ధ కోణం 39.6, వెసులుబాటు 5.4, సరిపోతుంది. అది కూడా దృశ్యం మధ్య బిందువుకే. పక్క బిందువుల కిరణాలను విడిగా లెక్కించుకోవాలి.

సమస్య: పొద్దున బాగా కొలిచింది, ఎండెక్కాక దూరపు గురి తప్పుతోంది

నన్ను ఎక్కువగా ఏడిపించింది ఇదే. గురి గుర్తు లక్ష్యం మీదే ఉంటుంది, దృశ్యం స్పష్టంగా ఉంటుంది, తెర మీద మాత్రం గీతలే. ఒక నమూనా పరికరంలో డిటెక్టర్ (తిరిగొచ్చిన లేజర్‌ని పట్టే భాగం) రెండుసార్లు మార్చాక గానీ నాకు బుర్ర వెలగలేదు.

జరిగేది ఇదీ. జతలో కప్పు లేని పెచాన్ ముక్కలో దృశ్యం రెండుసార్లు పరావర్తనం చెందుతుంది: ఒకసారి 45 డిగ్రీల దగ్గర, ఇంకోసారి 22.5 డిగ్రీల దగ్గర. ఈ రెండో ముఖం మీద డైక్రోయిక్ పూత (కొన్ని తరంగదైర్ఘ్యాలను తిప్పికొట్టి మిగతావాటిని దాటనిచ్చే పూత) వేసి, వెనక ఒక గాజు చీలిక అతికిస్తే, దృశ్యం తిరిగిపోతుంది, 905 మాత్రం దాటి డిటెక్టర్‌కి చేరుతుంది. అంటే లేజర్ దారిలో పరావర్తనం ఒక్కటే. ప్రిజం ఆ తలంలో కాస్త తిరిగితే రెండు పరావర్తనాల దృశ్యం దిశ మారదు, ఒక్క పరావర్తనపు లేజర్ దారి మాత్రం రెట్టింపు కోణం పక్కకి పోతుంది. కంటికి అంతా బాగున్నట్టు కనబడటం అందుకే.

ఎంత పోతుంది? డిగ్రీకి గాజు పది లక్షల్లో 7 వంతులు సాగితే అల్యూమినియం 23 వంతులు సాగుతుంది. 15 మి.మీ. పొడవున 40 డిగ్రీలు వేడెక్కితే తేడా దాదాపు 10 మైక్రాన్లు. ఒక పక్కే గట్టి ఎపాక్సీతో అతికించి ఉంటే, 12 మి.మీ. పీఠం మీద అది 0.8 మిల్లీరేడియన్ల వాలు. రెట్టింపై, 40 మి.మీ. దూరంలోని డిటెక్టర్ దగ్గర 64 మైక్రాన్లవుతుంది. డిటెక్టర్ వెడల్పు 200 మైక్రాన్లయితే మూడో వంతు పక్కకి పోయినట్టే.

నిర్ధారణ సులువు. ఆకాశం వెనకగా ఉన్న సన్నని స్తంభాన్ని ఎంచుకుని, పరికరాన్ని ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతూ కొలుస్తూ పోండి. రీడింగ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఆ రెంటి నడుమే లేజర్ అసలు గురి. చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడెక్కాక ఒకసారి. నడుమ స్థానం జరిగితే దొంగ దొరికాడు.

పరిష్కారం: ఎపాక్సీ గీకేసి, ప్రిజాన్ని మూడు చిన్న దిమ్మెల మీద కూర్చోబెట్టి, మెత్తని సిలికోన్ జిగురును రెండు పక్కలా ఒకే మందంతో వేయండి.

గురి జరగకుండానే పరికరం కొలవగలిగే దూరం తగ్గితే ఇంకో రెండు అనుమానాలున్నాయి. ఒకటి, డిటెక్టర్‌ని మామూలు వెలుగుతో ఫోకస్ చేసి ఉండొచ్చు. 905 దగ్గర ఫోకస్ వేరే చోట పడుతుంది. ఎఫ్/4లో 0.3 మి.మీ. తప్పినా మచ్చ 75 మైక్రాన్లకు ఉబ్బుతుంది. ఆ తరంగదైర్ఘ్యంతోనే సర్దాలి. రెండోది, లేజర్ డయోడ్ తరంగదైర్ఘ్యం డిగ్రీకి సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. 70 డిగ్రీల తేడాకి 20 దాకా. డిటెక్టర్ ముందున్న ఫిల్టర్ దాటనిచ్చే పట్టీ మరీ ఇరుకైతే వేడిలో సిగ్నల్ ఆగిపోతుంది.

సమస్య: ఏం గురిపెట్టినా కొద్ది మీటర్ల దూరమే చూపిస్తోంది

లేజర్ వెలుగు ప్రిజం లోపలే తిరిగి డిటెక్టర్ మీద పడుతోంది. ఒక మీటరు దూరానికి రానూపోనూ 6.7 నానోసెకన్లు. ఆ మెరుపు నుంచి డిటెక్టర్ 50 నానోసెకన్లకు తేరుకుంటే 7.5 మీటర్ల లోపు గుడ్డిదే. లేజర్‌కి, డిటెక్టర్‌కి వేర్వేరు లెన్సులు పెట్టడమే అసలు మందు. కుదరకపోతే ప్రిజం గరుకు ముఖాలకు నల్ల రంగు వేయాలి. అయితే కంటికి నల్లగా ఉన్నదల్లా 905కి నలుపు కాదు. రంగు ఎక్కించిన నల్ల అనోడైజ్డ్ అల్యూమినియం పరారుణంలో తెల్లగా మెరవడం చూసి నేనే బిత్తరపోయాను. పరారుణ దీపం ఉన్న నిఘా కెమెరా కింద పెట్టి చూసి గానీ ఏ నలుపునూ నమ్మను.

చిన్నాచితకా

దృశ్యం ఆకుపచ్చగానో నీలంగానో ఉంటే, ఎర్ర అంకెల తెర కోసం పెట్టిన డైక్రోయిక్ ఎరుపును మరీ వెడల్పుగా మింగుతోంది. ఇరుకు పట్టీ పూత అడగండి.

అక్షరాలు అద్దంలోలా తిరగబడితే పరావర్తనాల సంఖ్య బేసి అయింది. నవ్వకండి, తొలి నమూనాల్లో ఇది మామూలే.

చల్లటి చోటికి తీసుకెళ్లగానే దృశ్యం మధ్యలో పాలపొర కమ్మితే, రెండు ప్రిజాల నడుమ గాలి సందులో తేమ చేరింది. ఆ సందును జిగురుతో నింపేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు. అక్కడ గాలి లేకపోతే సంపూర్ణాంతర పరావర్తనమే ఉండదు. ప్రిజాలను ఆరబెట్టి, గొట్టంలో నైట్రోజన్ నింపి, సీలు మార్చండి.